పగ్గం లాగితే ఆగని బండి

పొద్దున ఏడు కాకముందే బాలకోటయ్య తయారై అరుగు మీద కూర్చున్నాడు. ఉతికిన పంచె, తలకు తువ్వాలు, పక్కన అన్నం క్యారేజీ. బడికి పోయే పిల్లాడు కూడా అంత బుద్ధిగా కూర్చోడు. ఆయన ఎదురుచూసేది కొడుకు కోసం. కొడుకు సాయిరామ్‌కు నకరికల్లులో పురుగుమందుల కొట్టుంది. కొట్టుకు పోతూ పోతూ తండ్రిని తన బండి మీద మిరపచేను దగ్గర దింపుతాడు, సాయంత్రం కొట్టు కట్టేసి వస్తూ ఎక్కించుకొస్తాడు. సాయిరామ్ మంచివాడే. కాకపోతే తెల్లారింది మొదలు అతని ఫోను ఊపిరి తీసుకోదు.

వంటింటి గడప దగ్గర నిలబడి కోటేశ్వరి మొగుణ్ణే చూస్తోంది. ఈ మనిషేనా? కోడెగిత్త తాడు తెంచుకుని పరిగెడితే ఊరంతా తలుపులు వేసుకుంటే, ఎదురుపోయి కొమ్ములు పట్టుకున్న మనిషేనా ఇట్లా క్యారేజీ పక్కన పెట్టుకుని కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నది?

కిందటి ఎండాకాలం ఎడ్లను అమ్మేశారు. మేపే మనిషి దొరక్కా, ఈయన మోకాళ్ళు మాట వినకా, తప్పలేదు. ఎడ్లు పోయినా వాటిని కట్టేసిన పలుపుతాళ్ళు మాత్రం చావిట్లో కొయ్యకు వేలాడుతూనే ఉన్నాయి. పశువును అమ్మినా పలుపు ఇవ్వరు. పలుపుతోపాటు ఇంటి కలిమి కూడా పోతుందంటారు. కొన్నవాడే కొత్త పలుపు తెచ్చుకుని తోలుకుపోవాలి.

ఎడ్లబండి ఉన్నన్నాళ్ళూ కోటేశ్వరి రోజూ మొగుడి వెనకాలే కూర్చుని చేనికి పోయేది. దారి పొడుగునా లోకం మీద ఉన్న చాడీలన్నీ ఆయన వీపుకు చెప్పుకునేది. ఆయన "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" లోనే కోపమా, నవ్వా, నిద్రా అన్నది ఆమెకు తెలిసిపోయేది. ఇప్పుడు కొడుకు బండి ముందర మందుల పెట్టెలు, వెనక తండ్రి. ఇక ఆమెకు చోటెక్కడిది? అంత పెద్ద ఇల్లుంది గానీ మొగుడితో నాలుగు మాటలు మాట్లాడుకునే జానెడు చోటు లేకపోయింది.

సాయిరామ్ ఫోను చెవికి ఆనించుకునే బయటికొచ్చాడు. బాలకోటయ్య లేవలేదు.

"ఒరేయ్ సాయిరామా, నేనో బండి కొంటన్నా."

"ఏ బండి నాన్నా? ఎడ్లు లేవుగా."

"ఎడ్లబండి కాదురా. మోటారు బండి."

ఫోను అవతలి రైతు ఏదో అడుగుతుండగానే సాయిరామ్ దాన్ని జేబులో పడేసుకున్నాడు. అతను అట్లా చేయడం ఆ ఇంట్లో అదే మొదలు. "నీకు అరవై దాటినయ్ నాన్నా!"

"పళ్ళు చూసి ఈడు లెక్కేసేది ఎద్దుకురా, నాకు కాదు."

"మోకాళ్ళ నొప్పులని రోజూ తైలం రుద్దించుకుంటా..."

"అందుకే గదా మోటారు. సైకిలైతే తొక్కాల."

"అయినా నీకు బండెందుకు? నేను దింపట్లా?"

"దింపుతన్నావు నాయనా, కాదన్లా. బస్తాను దింపినట్టు దింపుతన్నావు. బస్తాకైతే తొందరుండదు, నాకుంటది."

లోపల కోడలు సుకన్య కిసుక్కున నవ్వింది. మొగుడు అటు చూసేసరికి మొహం సర్దుకుని, "పోనీ మామయ్యా, కొత్త స్కూటీ తీసుకోండి. తేలిగ్గా ఉంటది," అంది.

"వద్దమ్మా. కొత్తబండి కోడెదూడ లాంటిది. దాన్ని మనం మరపాల, పని నేర్పాల. నాకిప్పుడు ఆ ఓపిక లేదు. నాలుగు చేలు దున్ని బుద్ధొచ్చిన పాత ఎద్దు కావాల. చవకలో వచ్చుద్ది, మేత పెట్టి ఒళ్ళు చేయించుకుంటా."

"పాతబండి అంటే సగం రోజులు మెకానిక్ షెడ్డులోనే నాన్నా! ఎవడి తలనొప్పినో డబ్బులిచ్చి మరీ తెచ్చుకుంటావా?" అన్నాడు సాయిరామ్. తండ్రి లేచాడు. క్యారేజీ తీసుకుని బండి వెనక ఎక్కి కూర్చున్నాడు, బస్తాలాగే, బిగుసుకుని.

ఆ మర్నాటి నుంచి బండి వెతుకులాట మొదలైంది. సుకన్య ఫోన్లో అమ్మకానికున్న బండ్ల ఫోటోలు చూపించేది. బాలకోటయ్య కంటికి ఫోటోలు ఆనేవి కావు. "సంతలో నిలబెట్టకుండా ఎద్దును కొంటారా?" అని పెళ్ళాన్ని వెంటబెట్టుకుని ఆటో ఎక్కి నరసరావుపేట పోయేవాడు.

మొదటి బండి అద్దంలా మెరిసిపోతోంది. బాలకోటయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, టాంకు మీద వేలు రాసి వాసన చూశాడు. "కొమ్ములకు నూనె రాసి సంతకు తెచ్చిన రకం ఇది. పద," అన్నాడు. రెండో బండిని తుడవను కూడా తుడవలేదు గానీ, దాని హెడ్‌లైటు కింద గుండ్రంగా పెయింటు లేచిపోయి ఉంది. "నుదుటి కింద సుడి. ఇంటికి అచ్చిరాదు," అన్నాడు. అమ్మేవాడు తెల్లబోయి కోటేశ్వరి వంక చూశాడు. "అంతే నాయనా, నన్ను చేసుకునేటప్పుడు కూడా మా నాయన్ని ఇట్టాగే తిప్పలు పెట్టాడు," అంది ఆమె.

మూడోది రిటైరైన హెడ్‌మాస్టరు వెంకట్రామయ్య గారిది. నల్లబండి, హండ్రెడ్ సీసీ. ఆయన కరెంటు స్కూటరు కొనుక్కున్నాక దీన్ని పెరట్లో పట్టా కప్పి వదిలేశారు. గొలుసు తుప్పు పట్టింది, సీటులోంచి స్పాంజి బయటికొచ్చింది, కిక్కు కొడితే మూడుసార్లు దగ్గి నాలుగోసారి లేచింది. బాలకోటయ్య పంచె ఎగ్గట్టి నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. బండి కడుపు కిందకు దూరి, చెవి పెట్టి విన్నాడు. లేచి సైలెన్సరు దగ్గర అరచెయ్యి పెట్టాడు.

"రొప్పుతంది గానీ ఊపిరితిత్తుల జబ్బు కాదు. పనిలేక ఒళ్ళు బిగుసుకుపోయింది, అంతే," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు నవ్వాయి. ఎడ్లు పోయాక ఆ కళ్ళు నవ్వడం కోటేశ్వరి చూడలేదు.

ఇక మిగిలింది ఆయనకున్న ఆఖరి పరీక్ష. పశువును అమ్మేటప్పుడు ఆ ఇంట్లో ఒక్కరైనా కన్నీళ్ళు పెట్టుకోవాలి. పెట్టుకుంటే అది ఇంటిమనిషిలా మెలిగిన పశువు, కళ్ళు మూసుకుని కొనొచ్చు. ఎవరికీ కన్ను చెమర్చలేదంటే అది ఏ పొగరుమోతుదో, పాలివ్వకుండా ఎగజేపేదో అన్నమాట. బాలకోటయ్య వరండా వైపు తల తిప్పాడు. అక్కడ పడకకుర్చీలో వెంకట్రామయ్య గారి భార్య అలివేలమ్మ కూర్చుని, చీరకొంగుతో రెండు కళ్ళూ ఒత్తుకుంటోంది. బుగ్గల మీద ధారలు.

"చూశావా కోటేశ్వరీ!" అన్నాడు గుసగుసగా. "ఇంటి ఇల్లాలు ఏడుస్తంది."

కోటేశ్వరి చూసింది. అలివేలమ్మ పక్కన కిటికీ అంచున ఉన్న చుక్కల మందు సీసానూ చూసింది, దాని పక్కన మడిచి పెట్టిన నల్లకళ్ళజోడునూ చూసింది. శుక్లాల ఆపరేషన్ అయితే ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియనిదా? పాపం ఆ ఇల్లాలికి బండి ఎటు పోతోందో కనపడుతోందో లేదో కూడా అనుమానమే. "ఏందయ్యా నీ పిచ్చి," అనబోయి నోరు తెరిచింది. ఆ పాటికి ఆమె చెయ్యి ఊరికే, తనకు తెలియకుండానే, బండి వెనకసీటు మీద పడింది. చిరిగితే చిరిగింది గానీ పొడుగాటి సీటు. ఇద్దరికి సుఖంగా సరిపోతుంది. కోటేశ్వరి నోరు మూసుకుంది.

బేరం కూడా సంత పద్ధతిలోనే జరిగింది. బాలకోటయ్య భుజం మీది తువ్వాలు తీసి, దాని కింద హెడ్‌మాస్టరు గారి చెయ్యి పట్టుకుని వేళ్ళు నొక్కాడు. సంతలో ధర చుట్టుపక్కల వాళ్ళకు తెలియకుండా వేళ్ళతోనే చెప్పుకుంటారు. హెడ్‌మాస్టరు గారికా సంగతి తెలియదు. "అయ్యో, వదలండి, నాకసలే కీళ్ళవాతం!" అని కేకపెట్టి, బాధలో అడిగిన ధరకే ఒప్పేసుకున్నారు. బాలకోటయ్య సంచిలోంచి కొత్త పలుపు తీసి బండి హాండిల్‌కు కట్టాడు.

నల్లోడు ఇంటికొచ్చాడు. బండికి ఆ పేరు ఎప్పుడు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఖాళీగా ఉన్న గొడ్లచావిట్లోనే దానికి చోటిచ్చారు. నకరికల్లు నుంచి మెకానిక్ ఇమాం సాహెబ్ వచ్చి, గొలుసు మార్చి, క్లచ్ ప్లేట్లు వేసి, కార్బొరేటరు విప్పి కడిగాడు. బాలకోటయ్య పక్కన కూర్చుని ఇంజను ఆయిలు పోస్తూ, "తాగు నాయనా, తాగు," అనేవాడు. కోటేశ్వరి చింతపండూ బూడిదా కలిపి కొబ్బరిపీచుతో తుప్పంతా రుద్దింది. సీటు కొత్తగా కుట్టించారు. అమ్మేసిన ఎడ్ల మువ్వల పట్టెడ ఒకటి అటక మీద ఉంటే తెచ్చి హెడ్‌లైటు కింద కట్టారు. ఆ రోజుల్లో చావిట్లోంచి వాళ్ళిద్దరి మాటలూ, పోట్లాటలూ, నవ్వులూ వినబడుతుంటే, సుకన్య పనిమాలా వసారాలో కూర్చుని బియ్యం ఏరుకునేది. సాయిరామ్ మాత్రం చావిడి వైపు చూడకుండానే పోయేవాడు. సుకన్యే మామగారికి హెల్మెట్ కొనిచ్చి, దగ్గరుండి బండి నేర్చుకునేందుకు ఎల్లెల్లార్ కాగితం ఇప్పించింది.

అంతా బాగానే ఉంది. ఒక్కటే మరిచిపోయారు. మనిషిని మరపడం.

మొదటిరోజు బాలకోటయ్య నల్లోణ్ణి డొంకదారిలోకి తీశాడు. సైకిలు వచ్చిన మనిషి కనుక తూలలేదు. గేరు వేశాడు, క్లచ్ వదిలాడు, మువ్వలు ఘల్లుమన్నాయి. ఆ వేళ కోటేశ్వరి పక్క కల్లంలో రంగు తేలిన తాలుకాయలు ఏరుతోంది. ఆ కల్లం బాలశౌరిది. వరసకు కొడుకు అవుతాడు, పిన్ని అంటే ప్రాణం పెడతాడు. కల్లం నిండా మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి.

"అదుగో పిన్నీ, బాబాయ్ వస్తన్నాడు! ఏం దర్జాగా వస్తన్నాడో చూడు!" అన్నాడు బాలశౌరి.

కోటేశ్వరి గర్వంగా తలెత్తింది. అప్పుడే ఒక గేదె దారికి అడ్డమొచ్చింది. బాలకోటయ్య పుట్టిబుద్ధెరిగిన కాడ్నుంచీ ఏం చేశాడో అదే చేశాడు. వెనక్కి వాలి, రెండు చేతులతో పగ్గం లాగినట్టు హాండిల్ లాగి, "హోహో! హోహోహో!" అని అరిచాడు.

ఎద్దయితే ఆగేది. బండికి లాగితే కుడిచేతి కింద ఉండేది యాక్సిలేటరు. ఆయన లాగినకొద్దీ అది తిరిగింది, తిరిగినకొద్దీ నల్లోడు రంకె వేశాడు. బండి ఎంత పరిగెడితే ఆయన అంత గట్టిగా లాగాడు. గేదెను తప్పించుకుని, గట్టెక్కి దిగి, తిన్నగా కల్లంలోకి దూరి, మిరపకాయల మధ్య ఒక కాలవ తవ్వుకుంటూ పోయి, అవతల తాలుకాయల కుప్పలో కూలబడి దగ్గి ఆగిపోయింది.

ఎర్రటి దుమ్ము లేచింది. ఆ తర్వాత తుమ్ములు. కాయలేరే ఆడవాళ్ళు తుమ్ముతున్నారు, బాలశౌరి తుమ్ముతున్నాడు, గేదె కూడా తుమ్మింది. కుప్పలోంచి హెల్మెట్ ఒకటి పైకి లేచి, "ఆగలేదేందే ఇది?" అని అడిగి, అదీ తుమ్మింది. దెబ్బలేమీ తగలలేదని చూసుకున్నాక కోటేశ్వరి నవ్విన నవ్వుకు పక్కచేను వాళ్ళు కూడా పని ఆపారు.

సాయిరామ్ నవ్వలేదు. కబురు అందగానే కొట్టు వదిలేసి వచ్చాడు. తండ్రి కంట్లో కారం కడుక్కుంటుంటే ఆ పక్కనే నిలబడి వణికిపోతూ అరిచాడు.

"నే చెబుతూనే ఉన్నా! కల్లం కాబట్టి సరిపోయింది, బావి అయితే? లారీ అయితే? ఎవరు దిక్కు మాకు? ఇంక నువ్వు బండెక్కేది లేదు. ఎక్కడికి పోవాలన్నా నేనే తిప్పుతా. రేపే ఈ తుప్పుముక్కను అమ్మిపారేస్తా!"

"నన్ను కట్టేస్తావేందిరా?" అన్నాడు బాలకోటయ్య, ఎర్రబడిన కళ్ళతో. "కట్టేసిన గొడ్డుకు కూడా పలుపు పొడుగుంటదిరా. అటూ ఇటూ నాలుగడుగులు తిరుగుద్ది. నాకు అది కూడా లేదా?"

"లేదు! నీ మంచికే!"

"సరే. అమ్ముకో."

ఆ "అమ్ముకో" అన్న తీరు కోటేశ్వరికి నచ్చలేదు. ఎడ్లను అమ్మేటప్పుడు కూడా సరిగ్గా అట్లాగే అన్నాడు. ఆ తర్వాత ఆరునెలలు మాట్లాడలేదు. ఆ రాత్రి ఆమె వండిన కూరలో ఉప్పు లేకపోయినా ఎవరూ ఏమీ అనలేదు.

బండి కొనేవాడి కోసం వెతకాల్సిన పని పడలేదు. తెల్లారగానే బాలశౌరే వచ్చాడు, చేతిలో కొత్త పలుపుతో.

"తమ్ముడూ, అమ్ముతన్నారంట గదా. నాకియ్యండి. అంత మిరపకుప్పలో పడీ ఒక్క లైటు పగల్లేదు, ఒక్క కిక్కుకే మళ్ళీ లేచింది. ఇట్టాంటి గట్టిపిండం ఎక్కడ దొరుకుద్ది?"

సాయిరామ్ ఊపిరి పీల్చుకున్నాడు. "తీసుకుపో అన్నా. నాన్నా, తాళం ఇయ్యి."

బాలకోటయ్య అరుగు మీద కదలకుండా కూర్చున్నాడు. తాళం ఆయన మొలలో ఉంది. "బండి తోలుకుపొమ్మను. తాళం ఇచ్చేది లేదు."

"తాళం లేకుండా బండి ఎట్టా పోద్ది నాన్నా?"

"ఎద్దునమ్మితే పలుపిస్తామా? కొత్త పలుపు వాడు తెచ్చుకున్నాడుగా."

సాయిరామ్ తల పట్టుకున్నాడు. బాలశౌరి మాత్రం ఎంతో గంభీరంగా తలూపాడు. "బాబాయ్ చెప్పింది న్యాయమే తమ్ముడూ. పలుపు ఎట్టిస్తారు? నెట్టుకుపోతాలే." అని హాండిల్‌కు పలుపు కట్టి, నల్లోణ్ణి చావిట్లోంచి బయటికి లాగాడు. మువ్వలు ఘల్లుమన్నాయి.

ఆ చప్పుడు వినగానే కోటేశ్వరికి ఏమైందో ఏమో, కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. ఆపుకుందామనుకునేలోపే బాలశౌరి చూసేశాడు. అతని మొహం చాటంత అయింది.

"ఇంటి ఇల్లాలు ఏడుస్తంది! అయితే ఇది కలిసొచ్చే బండే! ఇంక నేను దీన్ని ఎవరు చెప్పినా వదల!"

"అమ్మా?" అన్నాడు సాయిరామ్. తల్లి ఏడవడం అతనికి పెద్దగా గుర్తులేదు. ఆమె తిట్టడమే గుర్తు. "నువ్వెందుకు ఏడుస్తన్నావు? నాన్న పడిపోయుంటే ఏమయ్యేదో తెలుసా?"

"తెలుసురా. ఆయన ఎందుకు పడ్డాడో కూడా తెలుసు. నా కళ్ళతో చూశా." కొంగుతో మొహం తుడుచుకుంది కోటేశ్వరి. "ఎద్దును ఆపాలంటే పగ్గం లాగాల. ఈ బండిని ఆపాలంటే చెయ్యి వదలాల. పుట్టినకాడ్నుంచి లాగినోడు ఒక్కరోజులో ఎట్టా వదులుతాడు? నేర్పితే నేర్చుకుంటాడు. కానీ నువ్వు కూడా లాగుతానే ఉన్నావు గదరా. భయంతో లాగుతన్నావు, నాకు తెలీదా? నువ్వు లాగినకొద్దీ ఆయన ఆగడు నాయనా. నువ్వూ కాస్త వదులు."

కోటేశ్వరి కొడుకు దగ్గరికి జరిగింది.

"ఇంకో మాట. నన్నెవరైనా అడిగారా? ఆ ఎడ్లు పోయినాక నేను చేను మొహం చూసింది ఎన్నిసార్లు? ఆయన్ని దింపుతన్నావు, తెస్తన్నావు. నేను గుమ్మం దాకా వచ్చి చూస్తన్నా. ఆయన వెనక కూర్చుని ఇంత మాట్లాడుకుంటా పోయేదాన్ని. ఇప్పుడు మాట్లాడదామంటే మనిషి అరుగు మీద, నేను పొయ్యి కాడ. ఆ సీటు మీద నాకూ చోటుందిరా."

సాయిరామ్ తండ్రి వైపు తిరిగాడు. అరుగు మీద ఉతికిన పంచె, తలకు తువ్వాలు, పక్కన క్యారేజీ. ఈ వేళ కూడా ఆయన ఏడింటికే తయారై కూర్చున్నాడు. రోజూ ఆ క్యారేజీ పక్కనే నిలబడి తను ఫోను మాట్లాడుతూ ఉండిపోయేవాడు. ఏనాడూ దాన్ని చూడలేదు.

"బాలశౌరన్నా, బండి అమ్మట్లా," అన్నాడు.

"అదెట్టా? ఇల్లాలు ఏడ్చిన బండిని ఎవడన్నా వదులుకుంటాడా?"

"అందుకే వదులుకోవట్లా!" సాయిరామ్ కళ్ళు తుడుచుకుని నవ్వాడు.

బాలశౌరి చాలాసేపు అలిగాడు. బండి తొక్కిన కాయలన్నీ తనే కూర్చుని ఏరి ఇస్తానని పిన్ని మాటిచ్చాక, సుకన్య పెసరట్టు పెట్టాక, తన పలుపు తను విప్పుకుని పోయాడు. సాయిరామ్ ఆ వేళ కొట్టు ఆలస్యంగా తెరిచాడు. ఫోను ఇంట్లో పెట్టి, తండ్రిని బండెక్కించి, పంటలు కోసేసిన ఖాళీ చేలోకి తీసుకుపోయాడు. ఇక రోజూ పొద్దున్నే అంతే. వెనకసీటు మీద కోటేశ్వరి కూర్చునేది. బాలకోటయ్య వెనక్కి వాలడం మొదలుపెట్టగానే ఆమె ఆయన వీపు మీద ఒకటి చరిచి, "వదులు!" అనేది. ఆయన వదిలేవాడు, పెడలు తొక్కేవాడు, నల్లోడు ఆగేవాడు. సాయిరామ్ గట్టు మీద నుంచి ఈలలు వేసేవాడు. పెద్ద లైసెన్సు చేతికొచ్చిన రోజున బాలకోటయ్య దానికి పసుపూ బొట్టూ పెట్టించాడు.

ఆ తర్వాత ఒక పొద్దున ఇద్దరూ చేనికి పోతున్నారు. మువ్వలు మోగుతున్నాయి. కోటేశ్వరి లోకం మీది చాడీలన్నీ అయిపోయేదాకా చెప్పింది. ఆయన "ఊఁ" అంటూనే ఉన్నాడు. ఇక మిగిలింది ఒక్కటే సంగతి. ఇన్నాళ్ళూ అది ఆమె కడుపులో ఉడుకుతూనే ఉంది.

"ఏందయ్యా, ఒకటి చెబుతా, కోప్పడొద్దు. ఆ రోజు అలివేలమ్మ గారు బండి కోసం ఏడవలా. కంట్లో మందు చుక్కలు పోసుకుంది. సీసా కిటికీలో ఉంది."

"ఊఁ. చూశాలే."

కోటేశ్వరి ఉలిక్కిపడి భుజం పట్టుకుంది. "చూశావా? మరి చూసి కూడా ఎట్టా కొన్నావు?"

బాలకోటయ్య బండి వేగం కాస్త తగ్గించాడు. "సీసా నువ్వూ చూశావు గదే. ఊరందరి గుట్టూ చెప్పేదానివి, ఆ ఒక్క మాట చెప్పకుండా సీటు మీద చెయ్యేసి నిలబడ్డావు. ఇంత నోరున్నది నోరు మూసుకుందంటే, దీనికి కూడా ఎక్కాలనుంది గావాల అనుకున్నా. అంతకంటే మంచి శకునం ఇంకేం కావాల?"

పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొగుడు కోటేశ్వరితో అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మలుపులో ఎవరిదో గేదె అడ్డమొచ్చింది. ఆమెకు కనబడలేదు, ఈసారి చరచలేదు, వదులు అనీ అనలేదు.

ఆయనే వదిలాడు. బండి మెల్లగా ఆగింది. గేదె దాటిపోయేదాకా ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు.